పచ్చని ఊరికి కట్టే ధర

నెదర్లాండ్స్‌లో ప్రశాంతమైన పచ్చని పల్లెలో ఇల్లు కొనే కుటుంబం గోడలకు, కప్పుకు మాత్రమే డబ్బు చెల్లించదు. ఆ ఊరి పొలిమేరలో ఇళ్లు కట్టనివ్వని నియమానికి కూడా చెల్లిస్తుంది. దేశం మొత్తం విస్తీర్ణం సుమారు 41,500 చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్‌లో నాలుగో వంతు. అందులో దాదాపు కోటీ 80 లక్షల మంది ఉంటారు. ఇంత జనసాంద్రతలోనూ నగరం దాటిన కాసేపటికే పచ్చిక బయళ్లు, కాలువలు, వరసగా నిలిచిన చెట్లు కనిపిస్తాయి. కారణం భూవినియోగ చట్టం. ప్రణాళికలో ఊరి చుట్టూ గీసిన గీత దగ్గరే ఇళ్లు ఆగిపోతాయి. ఆ గీత అవతల పొలాన్ని ప్లాట్లు చేసి అమ్ముకునే స్వేచ్ఛ రైతుకు లేదు. హైదరాబాద్ శివార్లలో మాదిరి రోడ్డు పొడవునా వెంచర్లు పుట్టుకురావు. పచ్చదనాన్ని కాపాడేదీ, ఇళ్ల కొరతకు ఆజ్యం పోసేదీ ఆ ఒక్క గీతే. కొనుగోలుదారు చదవాల్సిన మొదటి పత్రం కూడా దాని గురించినదే.

ఐండ్‌హోవెన్ చుట్టుపక్కల ఊళ్లను చూస్తే ఇది బాగా తెలుస్తుంది. ఫిలిప్స్ కంపెనీ 1891లో పుట్టింది ఈ నగరంలోనే. చిప్‌ల తయారీకి కావలసిన లితోగ్రఫీ యంత్రాలు చేసే ఏఎస్ఎంఎల్ కేంద్ర కార్యాలయం నగరాన్ని ఆనుకుని ఉన్న వెల్డ్‌హోవెన్‌లో ఉంది. ఈ పరిశ్రమల కోసం ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన ఇంజినీర్లలో తెలుగువారూ ఉన్నారు. మొదట నగరంలో అద్దె ఫ్లాటు, పిల్లలు పుట్టాక పెరడున్న ఇల్లు కావాలన్న కోరిక, అక్కడి నుంచి చూపు న్యూనెన్, హేజె, వాల్రె, సోన్ వంటి ఊళ్ల మీదికి మళ్లడం సహజంగా జరిగిపోతుంది. ఐండ్‌హోవెన్‌కు ఈశాన్యాన ఉన్న న్యూనెన్‌లో చిత్రకారుడు విన్సెంట్ వాన్‌గో 1883 డిసెంబరు నుంచి 1885 నవంబరు దాకా ఉన్నాడు. ‘బంగాళాదుంపలు తినేవాళ్లు’ చిత్రాన్ని 1885లో అక్కడే గీశాడు. అప్పటి పేద నేతగాళ్ల, కూలి రైతుల ఊరు ఇప్పుడు మంచి జీతగాళ్లు పోటీపడే ఊరు. చెట్ల నీడన ఇటుక పరిచిన వీధులు, డోమెల్ నది ఒడ్డున నీటిమరలు, సైకిలు మీద వెళ్లేంత దూరంలో నగరం ఉన్నచోట ఆ పోటీ తప్పదు.

ధరల సంగతి దేశం మొత్తానికీ ఒకే తీరులో సాగింది. పాత ఇంటి సగటు అమ్మకం ధర 2015లో సుమారు 2 లక్షల 30 వేల యూరోలు; 2024లో సుమారు 4 లక్షల 50 వేలు. పదేళ్లు తిరక్కుండా దాదాపు రెట్టింపు. ఏటా లక్ష ఇళ్లు కట్టాలన్నది ప్రభుత్వ లక్ష్యం కాగా 2024లో పూర్తయిన కొత్త ఇళ్లు 70 వేలకు కాస్త తక్కువ. కొరత 4 లక్షల ఇళ్ల దాకా ఉందని అంచనా. అలాగని ధర ఎప్పుడూ పైకే పోతుందనుకోవడం చరిత్ర తెలియకపోవడమే. 2008 తరవాత ఐదేళ్లలో సగటున ఐదో వంతు పడిపోయింది. అప్పులో మునిగి, ఇల్లు అమ్మినా బాకీ తీరని కుటుంబాలు అప్పట్లో లక్షల్లో ఉన్నాయి.

2024 జనవరి 1న కొత్త పర్యావరణ, ప్రణాళికా చట్టం అమల్లోకి వచ్చింది. అంతకు ముందు భూమి ఉపయోగాన్ని నిర్ణయించే ప్రణాళికలు విడివిడిగా ఉండేవి. ఇప్పుడు ప్రతి మునిసిపాలిటీకీ ఒకే సమగ్ర ప్రణాళిక. అది ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరైనా చూసుకునేలా బహిరంగంగా ఉంటుంది. చిరునామా కొడితే ఆ స్థలం నివాసానిదా, వ్యవసాయానిదా, విహార గృహాలదా తెలుస్తుంది. ఎంత ఎత్తు కట్టవచ్చు, పెరట్లో షెడ్డు వేయవచ్చా అన్నదీ తెలుస్తుంది. ఊరి వెలుపల చవకగా కనిపించే చాలా ఇళ్లలో మెలిక ఇక్కడే ఉంటుంది. విహార గృహంగా నమోదైన ఇంట్లో ఏడాది పొడవునా కాపురం ఉండటానికి సాధారణంగా అనుమతి ఉండదు. పాత రైతు ఇంటికి వ్యవసాయ హోదా మిగిలి ఉంటే, అందులో సాగు చేయని కుటుంబం ఉండటమే నిబంధనకు విరుద్ధం కావచ్చు. అందమైన గడ్డికప్పు చూసి మనసు పారేసుకునే ముందు ఈ ఒక్క ముక్క చూసుకుంటే చాలా తలనొప్పులు తప్పుతాయి.

ప్రణాళికను ఇంటికి మాత్రమే చూసుకుంటే సరిపోదు, ఎదుటి పొలానికీ చూడాలి. కిటికీలోంచి కనిపించే పచ్చిక బయలు మీద ఆ ఇంటివారికి ఎలాంటి హక్కూ లేదు. మునిసిపాలిటీ ప్రణాళిక మార్చిన రోజున అక్కడ వందల ఇళ్లు లేవవచ్చు. న్యూనెన్‌కు పడమటి వైపు పొలాల్లో కొత్త పేట వెలుస్తున్నది ఇలాగే. ఐండ్‌హోవెన్ ప్రాంతం మీద ఆ ఒత్తిడి తగ్గే సూచన లేదు. ఏఎస్ఎంఎల్ ఎదుగుదలకు తగ్గ ఇళ్లు, రవాణా, చదువుల కోసం 2024 మార్చిలో ప్రభుత్వం, ఆ ప్రాంతం కలిసి 250 కోట్ల యూరోల పథకం ప్రకటించాయి. ‘బీథోవెన్’ అన్నది దాని పేరు. మరోవైపు 2019 మే 29న దేశ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఇచ్చిన తీర్పు నిర్మాణాలకు పెద్ద అడ్డంకి అయింది. పశువుల పెంపకం, వాహనాలు, నిర్మాణాల నుంచి వెలువడే నత్రజని రక్షిత అడవులను, గడ్డిభూములను దెబ్బతీస్తోందని, అనుమతులిచ్చే పాత పద్ధతి చెల్లదని కోర్టు తేల్చింది. అడవి పక్కన ఉన్న పల్లెలో కొత్త ఇళ్ల అనుమతులు ఏళ్ల తరబడి ఆగిపోవడం వెనక ఆ తీర్పు ఉంది. ఊరి పచ్చదనాన్ని ప్రేమించేవారికి ఇది ఊరట. ఆ ఊళ్లో ఇల్లు దొరకనివారికి ఇదే శాపం. రెంటికీ కారణం ఒకటేనని ఒప్పుకోకుండా డచ్చి గృహ సమస్య గురించి నిజాయతీగా మాట్లాడటం కుదరదు.

పచ్చగా ఉన్నదంతా నిర్మలమన్న నమ్మకం ఐండ్‌హోవెన్ ఉన్న నార్త్ బ్రబాంట్ రాష్ట్రంలో నిలవదు. దేశంలో పందుల పెంపకం దట్టంగా ఉన్న ప్రాంతాల్లో ఇదొకటి. కోళ్ల ఫారాలు, మేకల డెయిరీలు కూడా ఎక్కువే. 2007 నుంచి 2010 దాకా ఇక్కడి మేకల ఫారాల నుంచి క్యూ జ్వరం మనుషులకు పాకింది. 4 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. వ్యాధిని ఆపడానికి 50 వేలకు పైగా చూలు మేకలను చంపాల్సి వచ్చింది. గాలి ద్వారా వచ్చిన ఆ బ్యాక్టీరియా ఫారాల చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నవారినే ఎక్కువగా పట్టుకుంది. కొందరు ఏళ్ల తరబడి నీరసంతో మంచాన పడ్డారు. పిల్లల కోసం మంచి గాలి వెతుక్కుంటూ వచ్చే కుటుంబం దగ్గరలోని ఫారాలు ఎంత దూరంలో ఉన్నాయో, వాటి విస్తరణకు దరఖాస్తులున్నాయేమో అడిగి తెలుసుకోవడం అతి జాగ్రత్త కాదు. గాలి ఎటు వీస్తుందో తెలియాలంటే ఇంటిని ఎండకాసే ఆదివారమే కాక, మామూలు రోజు సాయంత్రమూ ఒకసారి చూడాలి. పంట కాలం మొదట్లో పొలాలకు పేడనీళ్లు ఎక్కించే రోజుల్లో ఊరంతా ఆ వాసన ఉంటుంది. ఐండ్‌హోవెన్‌కు పడమట ఉన్న విమానాశ్రయం రన్‌వే దారిలో పడే ఊళ్లలో చప్పుడు కూడా లెక్కలోకి తీసుకోవాలి.

కాళ్ల కింది నేల గురించి డచ్చివారు పడే ఆలోచన మిగతా దేశాలవారు పడరు. దేశంలో నాలుగో వంతు నేల సముద్ర మట్టానికి దిగువన ఉంది. పడమటి, ఉత్తర ప్రాంతాల్లో పీట్ నేల, అంటే కుళ్లిన మొక్కలు పేరుకుని ఏర్పడిన మెత్తని నేల మీద ఇళ్లు ఉన్నాయి. 1970ల కంటే ముందు అక్కడ కట్టిన ఇళ్లు చాలావాటికి పునాది కొయ్య దుంగలే. దుంగ నీటిలో మునిగి ఉన్నంతకాలం వందల ఏళ్లు చెక్కుచెదరదు. భూగర్భ జలం తగ్గి గాలి తగిలిందా, బూజు పట్టి కుళ్లుతుంది. వరస వేసవులు ఎండగా గడిచినప్పుడు పునాది దెబ్బతినే ఇళ్ల సంఖ్య లక్షల్లో ఉంటుందని ప్రభుత్వ సలహా మండలి హెచ్చరించింది. ఒక ఇంటి పునాది కొత్తగా వేయాలంటే లక్ష యూరోల దాకా, ఒక్కోసారి అంతకు మించి ఖర్చవుతుంది. వరస ఇళ్లలో గోడ ఉమ్మడి కాబట్టి పక్కింటివారు ఒప్పుకుంటేనే పని మొదలవుతుంది. బ్రబాంట్‌లో చాలాచోట్ల ఇసుక నేల. దుంగల బెడద అంతగా ఉండదు. పిల్లలతో ఇల్లు వెతుక్కునేవారికి ఇది చిన్న సంగతి కాదు గాని, ప్రకటనల్లో దీని గురించి ఒక్క ముక్కా కనిపించదు.

ఉత్తరాన గ్రోనింగెన్ పల్లెల కథ వేరు. అక్కడి భారీ గ్యాస్ నిక్షేపాన్ని దశాబ్దాల పాటు తోడటంతో భూమి కుంగి ప్రకంపనలు వచ్చాయి. 2012 ఆగస్టు 16న హ్యుజింగె దగ్గర వచ్చిన 3.6 తీవ్రత కంపనం తరవాత వేలాది ఇళ్లకు పగుళ్లు తేలాయి. 2023 అక్టోబరు 1న ఉత్పత్తి ఆగింది. కంపనాలు మాత్రం వెంటనే ఆగిపోవు. అక్కడ పెద్ద పెరడున్న ఇల్లు తక్కువ ధరకు దొరుకుతుందంటే ఆ ధర తక్కువకు కారణం కూడా భూమిలోనే ఉండవచ్చు. దక్షిణాన లింబర్గ్‌లో 2021 జులై వరదలు వాల్కెన్‌బర్గ్‌ను ముంచెత్తాయి. ఇంటి బీమా సాధారణంగా కుండపోత వానకు, చిన్న కాలువలు పొంగడానికి వర్తిస్తుంది. సముద్రపు కట్టలు, పెద్ద నదుల గట్లు తెగితే వచ్చే నష్టం మామూలు పాలసీల్లో ఉండదు. 1953లో 1,836 మందిని బలిగొన్న వరద తరవాత ఆ గట్లను బలపరిచే పనిని రాజ్యం భుజాన వేసుకుంది. నీటి మట్టాన్ని చూసుకునేవి 21 నీటి మండళ్లు. మధ్యయుగంలో మొదలైన ఈ సంస్థలకు ఇప్పటికీ సొంత ఎన్నికలు, సొంత పన్ను ఉన్నాయి. ఇంటి యజమాని ఏటా వాటికి పన్ను కడతాడు. పెరటి పక్కన కాలువ ఉంటే గట్టును శుభ్రంగా ఉంచే బాధ్యత కూడా అతనిదే కావచ్చు.

ఇంటి లోపల చూడాల్సినవి రెండే చోట్ల ఎక్కువగా బయటపడతాయి. వీధి తలుపు తీయగానే హాల్లో ఒక సన్నని అలమర, అందులో కరెంటు, గ్యాస్, నీటి మీటర్లు. ఫ్యూజుల పెట్టె పాతదా కొత్తదా, త్రీ ఫేజ్ ఉందా అన్నది అక్కడ కనిపిస్తుంది. ఆ అలమర ముందరి చాప ఎత్తితే చాలా ఇళ్లలో ఒక చెక్క మూత ఉంటుంది. దాని కింద నేలకూ ఫ్లోరుకూ మధ్య పాకుతూ మాత్రమే వెళ్లగలిగే అర మీటరు ఖాళీ. టార్చి వేసి చూస్తే ఇసుక పొడిగా ఉందా, నీరు నిలిచిందా, ఫ్లోరు అడుగున థర్మాకోల్ పలకలు వేశారా, పాత పైపు చుట్టూ బూడిదరంగు చుట్టు ఉందా తెలుస్తుంది. అది ఆస్బెస్టాస్ కావచ్చు. నెదర్లాండ్స్ దాన్ని 1993లో నిషేధించింది. అంతకు ముందు కట్టిన ఇళ్ల ఒప్పందాల్లో ‘ఆస్బెస్టాస్ ఉండవచ్చు, కొనుగోలుదారుకు అది తెలుసు’ అన్న నిబంధన ఉండటం మామూలు. ‘పాత ఇల్లు కాబట్టి కొత్త ఇంటి నాణ్యత ఆశించరాదు’ అన్న మరో నిబంధన కూడా తరచూ ఉంటుంది. రెండూ రిస్కును కొనేవారి మీదికి నెట్టేవే. లోపాలు తెలిసి దాచకూడదన్నది అమ్మేవారి బాధ్యత, చూసి విచారించుకోవాలన్నది కొనేవారి బాధ్యత. డచ్చి చట్టం ఈ రెంటినీ తూకం వేస్తుంది. అందుకే కొన్ని వందల యూరోలు పెట్టి ఇంజినీరుతో చేయించే ఇంటి తనిఖీ ఎన్ని ఇబ్బందులున్నా మానకూడని ఖర్చు.

ఇల్లు అమ్మేటప్పుడు ఇంధన లేబులు తప్పనిసరి. ‘జి’ నుంచి నాలుగు ప్లస్‌లున్న ‘ఎ’ దాకా ఉండే ఈ గ్రేడు గ్యాసు బిల్లును చెప్పడంతో ఆగదు. 2024 నుంచి రుణ అర్హతనూ ప్రభావితం చేస్తోంది. మంచి లేబులున్న ఇంటికి ఆదాయం అదే అయినా పదివేల యూరోల నుంచి 50 వేల దాకా ఎక్కువ అప్పు దొరుకుతుంది. ‘ఇ’, ‘ఎఫ్’, ‘జి’ ఇళ్లకు కొనడానికి ఆ అదనం లేదు, మరమ్మతుల కోసం మాత్రం కొంత ఉంది. 2018 జులై 1 తరవాత అనుమతి కోరిన కొత్త ఇళ్లకు గ్యాస్ కనెక్షన్ ఇవ్వడం లేదు, వాటిలో వేడికి హీట్ పంపే ఎక్కువ. 1930ల నాటి ఎర్ర ఇటుక ఇల్లు కంటికి ఎంత ఇంపుగా ఉన్నా గోడల్లో వెచ్చదనం నిలవదు. గోడ మధ్య ఖాళీలో దూది నింపించబోతే అక్కడ గబ్బిలాలు కాపురం ఉన్నాయేమో ముందు చూడాలి. అవి రక్షిత జీవులు. పెరట్లో పెద్ద చెట్టు కొట్టాలన్నా చాలా మునిసిపాలిటీల్లో అనుమతి కావాలి. సరిహద్దుకు 2 మీటర్ల లోపు చెట్టు, అర మీటరు లోపు కంచె మొక్కలు పెట్టకూడదన్నది పౌర స్మృతిలోని సాధారణ నియమం. పొరుగువారితో గొడవలు ఎక్కువగా పుట్టేది అక్కడే. పై కప్పు మీది సోలార్ పలకలు చూసి ధర పెంచి అడిగే ప్రకటనలు కూడా ఇప్పుడు జాగ్రత్తగా చదవాలి. గ్రిడ్‌కు ఇచ్చిన కరెంటును వాడిన కరెంటుతో చెల్లుకు చెల్లు చేసే పద్ధతి 2027 జనవరి 1న రద్దవుతోంది.

అమ్మకానికి వచ్చే ఇళ్లలో చాలాభాగం 2001లో మొదలైన ఫుండా వెబ్‌సైటులో కనిపిస్తాయి. అందులో రాసిన ధర బేరానికి ఆహ్వానం మాత్రమే. మంచి ఊళ్లో మంచి ఇల్లయితే ఒకటి రెండు రోజులు వరసగా చూపిస్తారు, ఫలానా రోజు మధ్యాహ్నం లోపు మూసిన బిడ్డు ఇమ్మంటారు. పక్కవారు ఎంత వేశారో ఎవరికీ తెలియదు. అమ్మేవారు ఎక్కువ వేసినవారికే ఇవ్వాలని కూడా లేదు. షరతులు తక్కువ పెట్టినవారిని, తమకు అనువైన తేదీకి తీసుకునేవారిని ఎంచుకోవచ్చు. అందుకే కొందరు రుణం రాకపోతే రద్దు, తనిఖీలో పెద్ద లోపం తేలితే రద్దు అన్న రెండు షరతులనూ వదిలేసి బిడ్డు వేస్తారు. ఇది ప్రమాదకరమైన పోటీ. మామూలు ఒప్పందంలో మాట తప్పితే ఇంటి ధరలో 10 శాతం జరిమానా ఉంటుంది. 5 లక్షల యూరోల ఇంటికి అది 50 వేలు. అమ్మేవారి ఏజెంటు అమ్మేవారి మనిషే కాబట్టి, ఊరి ధరలు తెలిసిన సొంత ఏజెంటును పెట్టుకోవడం కొత్తవారికి ఖర్చుకు తగ్గ పని.

బిడ్డు మొత్తానికీ, బ్యాంకు లెక్కకూ మధ్య ఒక గండి ఉంది. బ్యాంకు అప్పు ఇచ్చేది స్వతంత్ర నిపుణుడు వేసిన మార్కెట్ విలువ మీద, గరిష్ఠంగా దానిలో నూరు శాతం. 5 లక్షలకు బిడ్డు గెలిచి, విలువ 4 లక్షల 80 వేలని తేలితే ఆ 20 వేలు చేతి నుంచి పెట్టాలి. ప్రకటనలో ధర పక్కన ‘కె.కె.’ అన్న రెండక్షరాలుంటే పన్ను, నోటరీ ఖర్చు కూడా కొనేవారివే అని అర్థం. సొంత నివాసానికి కొంటే బదిలీ పన్ను 2 శాతం. 35 ఏళ్లు నిండనివారికి జీవితంలో ఒకసారి ఇది మాఫీ, అయితే ఇంటి విలువకు పరిమితి ఉంది. 2025లో ఆ పరిమితి 5,25,000 యూరోలు. ఒక్క వెయ్యి దాటినా మాఫీ మొత్తం పోతుంది. ఆ ఏడాది 5,26,000 యూరోల ఇంటికి 10,520 పన్ను పడేది. జీతగాడు ఉద్యోగం పోయో, విడాకులయ్యో ఇల్లు నష్టానికి అమ్ముకోవాల్సి వస్తే మిగిలిన బాకీకి పూచీపడే జాతీయ హామీ పథకం ఉంది. 2025లో దాని పరిమితి 4,50,000 యూరోలు, రుసుము అప్పులో 0.4 శాతం. ఐండ్‌హోవెన్ చుట్టూ ఉన్న పచ్చని ఊళ్లలో విడి ఇల్లు ఈ పరిమితుల లోపల దొరకడం అరుదు. రెండిళ్లు కలిసిన జంట ఇల్లు, వరస ఇల్లు, వరస చివరి ఇల్లు మాత్రమే చాలా కుటుంబాలకు అందేవి. 2013 నుంచి తీసుకున్న అప్పుకు వడ్డీ మీద పన్ను మినహాయింపు కావాలంటే 30 ఏళ్లలో అసలు పూర్తిగా తీరేలా కంతులుండాలి.

బిడ్డు ఒప్పుకున్నాక రాతపూర్వక ఒప్పందం. నోటి మాటతో ఇల్లు కొన్న వ్యక్తి చట్టం దృష్టిలో కట్టుబడి ఉండడు. సంతకం చేసిన ప్రతి చేతికి అందిన మర్నాటి నుంచి 3 రోజులు ఆలోచించుకునే గడువు. ఏ కారణం చెప్పకుండా వెనక్కి తగ్గే హక్కు అప్పుడు కొనేవారికే ఉంది, అమ్మేవారికి లేదు. ఆ తరవాత నోటరీ రంగంలోకి వస్తాడు. తెలుగు రాష్ట్రాల్లో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, ఈసీ, లింకు డాక్యుమెంట్లు, లాయరు అభిప్రాయం అని విడివిడిగా తిరిగే పనంతా అక్కడ ఈ ఒక్కరి బాధ్యత. 1832లో మొదలైన భూమి రికార్డుల సంస్థ కడాస్టర్‌లో ఇంటి మీద తాకట్లు, జప్తులు, పక్కింటివారికి దారి హక్కు ఉన్నాయేమో నోటరీ చూస్తాడు. డబ్బు కొనేవారి నుంచి నేరుగా అమ్మేవారికి వెళ్లదు. నోటరీ ప్రత్యేక ఖాతాలోకి వచ్చి, పాత తాకట్టు తీరి, ఇల్లు శుభ్రంగా పేరు మారాకే అమ్మేవారికి చేరుతుంది. నకిలీ పత్రాల భయం ఇంచుమించు లేని ఈ పద్ధతిని చూసి నేర్చుకోవలసింది మన వ్యవస్థకు చాలా ఉంది. దస్తావేజు డచ్చిలో ఉంటుంది కాబట్టి ఆ భాష రానివారికి అర్థమయ్యేలా అనువాదకుణ్ని పెట్టించడం కూడా నోటరీ బాధ్యత, ఖర్చు మాత్రం కొనేవారిది. సంతకాల రోజు పొద్దున ఇంటిని చివరిసారి చూసి, మీటరు రీడింగులు రాసుకుని, ఒప్పుకున్న సామాను అక్కడే ఉందో లేదో సరిచూసుకోవడం ఆనవాయితీ.

భారతీయ ఉద్యోగుల విషయంలో రెండు సంగతులు ప్రత్యేకం. విదేశాల నుంచి వచ్చిన నిపుణులకు జీతంలో 30 శాతం పన్ను లేకుండా పొందే రాయితీ గరిష్ఠంగా 5 ఏళ్లే, 2027 నుంచి అది 27 శాతానికి తగ్గుతుంది. ఆ రాయితీతో చేతికొచ్చే డబ్బును చూసుకుని 30 ఏళ్ల అప్పుకు సిద్ధపడితే ఆరో ఏట నెలసరి లెక్క తారుమారవుతుంది. రెండోది ఇంటి నుంచి వచ్చే సాయం. ఊళ్లో పొలమో, ఫ్లాటో అమ్మి తల్లిదండ్రులు డబ్బు పంపాలంటే రిజర్వ్ బ్యాంకు ఉదారీకృత చెల్లింపుల పథకం కింద ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా పంపవచ్చు. మూలంలో వసూలు చేసే పన్ను నిబంధనలు విడిగా ఉన్నాయి. అటు డచ్చి బ్యాంకు, నోటరీ ఇద్దరూ ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో పత్రాలతో చూపమంటారు. సేల్ డీడ్, బ్యాంకు స్టేట్‌మెంట్, గిఫ్ట్ డీడ్ ముందే సిద్ధం చేసుకోకపోతే సంతకాల తేదీ జారిపోయి జరిమానా దాకా వస్తుంది.

పల్లె జీవితానికి కుటుంబం సరిపడుతుందా అన్నది రాతకోతల కంటే కష్టమైన ప్రశ్న. బడికి పిల్లలు నాలుగేళ్లు నిండాక వెళ్లవచ్చు, ఐదేళ్లు నిండాక తప్పనిసరి. పాఠాలు డచ్చిలోనే. చిన్న వయసులో వచ్చిన పిల్లలు భాషను ఇట్టే పట్టేస్తారు, తల్లిదండ్రులే వెనకబడతారు. హైస్కూలు చాలా పల్లెల్లో ఉండదు. పన్నెండేళ్ల పిల్ల వానలో, చీకట్లో రోజూ ఐదారు కిలోమీటర్లు సైకిలు తొక్కి పక్క పట్టణానికి వెళ్లడం అక్కడ మామూలు దృశ్యం. హేజె, హెల్డ్రోప్ ఊళ్లకు రైలు ఉంది, న్యూనెన్‌కు లేదు, బస్సే దిక్కు. ఇంకా చిన్న ఊళ్లలో ఊరివారే జీతం లేకుండా నడిపే ఎనిమిది సీట్ల చిన్న బస్సులుంటాయి. క్లబ్బులు, బ్యాండు మేళం, కార్నివాల్ పండుగ, బడి ఉత్సవం అన్నీ ఇలా ఊరివారి శ్రమదానం మీదే నడుస్తాయి. అందులో చేయి వేసిన కుటుంబానికి ఊరు త్వరగా దగ్గరవుతుంది, ఇంటికీ ఆఫీసుకూ మధ్య మాత్రమే తిరిగే కుటుంబానికి పదేళ్లయినా దగ్గరవదు.

ఈ ఊళ్లలో పుట్టిన యువత తమ ఊళ్లోనే ఇల్లు కొనలేక వెళ్లిపోతోందన్న బాధ బలంగా ఉంది, అది న్యాయమైనదే. కంపెనీ జీతాలతో వచ్చేవారి బిడ్డు ముందు ఊరి టీచరు, నర్సు, వడ్రంగి బిడ్డు నిలవదు. 2024 జనవరి నుంచి గృహ కేటాయింపు చట్టాన్ని మార్చి మునిసిపాలిటీలకు కొత్త అధికారమిచ్చారు. తాము కేటాయించే ఇళ్లలో సగం దాకా స్థానికులకు ముందుగా ఇవ్వవచ్చు. జాతీయ హామీ పరిమితి లోపు ధర ఉన్న కొనుగోలు ఇళ్లను కూడా ఆ కేటాయింపు పరిధిలోకి తేవచ్చు. అంతకు రెండేళ్ల ముందు, 2022 నుంచే, అద్దెకిచ్చుకోవడానికి ఇళ్లు కొనడాన్ని కొన్ని పేటల్లో నిషేధించే వీలు వచ్చింది. ఏ ఊరు ఏ అధికారాన్ని వాడుకుంటోందన్నది ఆ మునిసిపాలిటీ గృహ నిబంధనావళిలో ఉంటుంది. కొత్త పేటలో మధ్యతరగతి ధరకు ఇల్లు ఆశించే బయటి కుటుంబం బిడ్డు కంటే ముందు దాన్ని చదవాలి. హామీ పరిమితి కంటే ధర ఎక్కువున్న పాత ఇళ్లకు ఆ కేటాయింపు వర్తించదు.